ఇంటి తెర, ఊరి మైదానము

2025వ సంవత్సరపు చివరి మూడు మాసములలో హైదరాబాదు నగరమున ఫుట్‌బాలు ఆటకు సంబంధించిన రెండు సంగతులు జరిగినవి. మొదటిది: ఇండియన్ సూపర్ లీగునందు హైదరాబాదు పేర ఆడుచు, 2022 మార్చి 20వ తేదీన గోవాయందు కేరళ జట్టును పెనాల్టీలలో నోడించి విజేతయైన జట్టు, అక్టోబరు మాసమున ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగు క్లబ్ ఢిల్లీ యను క్రొత్త పేరు దాల్చినది. రెండవది: డిసెంబరు 13వ తేదీ సాయంకాలమున అర్జెంటీనా దేశపు మేటి ఆటగాడు మెస్సీ ఉప్పలు స్టేడియమునకు రాగా, వేలకొలది జనులు టిక్కెట్లు కొని పోయి చూచిరి. ఆయన అచట పూర్తి పోటీ నాడలేదు. కొంతసేపు బంతిని తన్ని, పిల్లలతో నాడి, జనులకు చేయూపి వెడలిపోయెను. ఆడు జట్టు ఊరు విడిచినది. ఆడని ఆటగాని కొఱకు ఊరు కదలినది. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మన క్రీడాభిమాన మెట్టిదో బోధపడును.

బందరునకును, గుడివాడకును, దివిసీమకును ఆ జట్టుతో నేమి సంబంధమని కొందరడుగవచ్చును. సంబంధము గలదు. ఆ లీగునందు రెండు తెలుగు రాష్ట్రముల పక్షమున ఆడుచుండిన జట్టు అది యొక్కటియే. కృష్ణా డెల్టాయందలి యువకులును దాని నెఱుగుదురు. అయితే వారెఱిగినది ఇంటనుండియే, తెరమీదనే. ఆటను ఇంట కూర్చుండి చూచుట మేలా, మైదానమునకు పోయి చూచుట మేలా యని టీకొట్టులయొద్దను, కళాశాలల వసారాలయందును వాదములు జరుగుచునే యున్నవి. ఈ వాదము వినోదమునకు మాత్రమే సంబంధించిన దని మేమనుకొనుటలేదు. ఏ ప్రాంతమున ఏ ఆట బ్రతికి యుండునో, ఏ ఆట నశించునో తేల్చునది యీ ప్రశ్నయే.

ముందుగా ఇంటి తెరకు న్యాయము చేయవలయును. బందరునుండి హైదరాబాదు మూడువందల కిలోమీటర్లకు మించిన దూరము. దివిసీమకు రైలుమార్గమే లేదు. కోడూరునుండియో నాగాయలంకనుండియో బయలుదేరిన వాడు అవనిగడ్డమీదుగా బస్సుల వెంబడి పోవలయును. కౌలురైతునకు గాని, సముద్రముమీద వేటకు పోవు బెస్తకు గాని, ఒక పోటీని చూచుటకై రెండు దినముల పనిని మానుకొనుట సాధ్యమా? చారెడు బియ్యము వండుకొను నింట టిక్కెట్టునకును, బస్సునకును, బసకును అగు వ్యయము చిన్నది కాదు. వృద్ధులు, రోగులు, అంగవైకల్యము గలవారు, పసిబిడ్డల తల్లులు మైదానమునకు పోజాలరు. వీరికందఱకును ఆటను గుమ్మములోనికి తెచ్చినది తెర. 2022 డిసెంబరు 18వ తేదీ రాత్రి, ఖతారు దేశమున అర్జెంటీనాయు ఫ్రాన్సును మూడేసి గోలులతో సమానముగా నిలిచి, తుదకు పెనాల్టీలచే ప్రపంచకప్పు తేలిన నాడు, కోతలు ముగిసి కుప్పలు వేయు దినములలో నున్న మన పల్లెలయందును తెరలముందు జనులు మేల్కొని యుండిరి. లోకమంతయు చూచుచున్న దానిని లోకముతో పాటు చూచు హక్కు తీరాంధ్రపు కడపటి గ్రామమునకును గలదు. తెరను నిందించువారు దీనిని మఱవరాదు.

మఱియు, ఇంటనుండి ఆట ననుసరించుట నేటి వింత కాదు. 1927 జనవరి 22వ తేదీన ఇంగ్లాండులో ఆర్సెనలు, షెఫీల్డు యునైటెడు జట్ల పోటీని రేడియోలో వర్ణించినప్పుడు, శ్రోతల కొఱకు మైదానపు పటమును గళ్ళుగా విభజించి, గడికొక అంకె వేసి, రేడియో పత్రికలో ముద్రించిరి. బంతి యే గడిలో నున్నదో ఒకడు చెప్పుచుండ, వినువాడు పటముమీద వ్రేలు కదుపుచు ఆటను మనసున చూచెను. 1937 సెప్టెంబరు 16వ తేదీన ఆర్సెనలు జట్టు తన రెండవ జట్టుతోనే ఆడిన యొక పోటీ ఆ దేశమున టెలివిజనునందు మొదటిసారి కనబడెను. మన వైపున 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము వెలసినది. ఆకాశవాణి క్రికెట్టు వ్యాఖ్యానమును వినుచు అరుగులమీద గుంపులు గూడిన తరము ఇంకను మనయందున్నది. కావున ఇంటివారు ప్రేక్షకులు కారనుట తగదు. వారును ప్రేక్షకులే. భేదమెల్ల వారి చూపు ఆటమీద కలిగించు ఫలమునందున్నది.

తెర చూపునది బంతిని. బంతి యెటు పోయిన అటు కెమెరా పోవును. కాని ఫుట్‌బాలు ఆటలో ఒక క్షణమున బంతి యొక్కని పాదముల యొద్దనే యుండును; తక్కిన ఇరువదియొక్కరు దానికి దూరముగా నుండి, చోటు మారుచు, ఎదుటివానిని మోసపుచ్చుచు, రాబోవు క్షణమునకు సిద్ధపడుచుందురు. ఆటలోని తెలివి యధికముగా అచ్చటనే గలదు. గోలు పడిన పిదప తెర దానిని పదిమార్లు చూపగలదు. గోలు పడుటకు ముందు, మైదానపు ఆవలి యంచున ఒక రక్షకుడు రెండడుగులు తప్పు వేసిన సంగతిని చూపుట అరుదు. మైదానపు గట్టుమీద కూర్చున్న కుఱ్ఱవాడు దానిని చూచును. కబడ్డీయందును అంతే. కూతకు వచ్చిన వాని మోమును తెర దగ్గఱగా చూపును. గొలుసుపట్టుగా నిలిచిన వారు ఒకరికొకరు చేయు సైగను బరి ప్రక్కనున్న వాడే కనిపెట్టును. ఆటను ఆనందించుటకు తెర చాలును. ఆటను నేర్చుకొనుటకు మాత్రము మైదానము కావలయును.

ప్రేక్షకుడు ఆటలో భాగమా కాదా యను సందేహమును కరోనా కాలము తీర్చినది. 2020, 2021 సంవత్సరములలో లోకమంతటను ఖాళీ స్టేడియములలో పోటీలు జరిగినవి. మన దేశపు సూపర్ లీగు 2020-21లో గోవాయందే తలుపులు మూసి జరిగినది. ప్రొ కబడ్డీ ఎనిమిదవ పోటీలు 2021 డిసెంబరునుండి 2022 ఫిబ్రవరి వఱకు బెంగుళూరున ప్రేక్షకులు లేకయే నడచినవి. అప్పుడు తెరవారేమి చేసిరి? పూర్వపు పోటీలనాటి జనుల కేకలను ధ్వనిముద్రికలనుండి తీసి, ఖాళీ మైదానపు దృశ్యమునకు జోడించిరి. ఇంటివానికిని ఆట రుచించుటకు మైదానమువాని గొంతు కావలసి వచ్చినది. యూరపు ఫుట్‌బాలును పరిశీలించినవారు ఆ కాలమున మఱొక సంగతిని కనుగొనిరి. జనులు లేనప్పుడు సొంత మైదానపు జట్టునకు సహజముగా నుండు మొగ్గు తగ్గినది. అతిథి జట్టుమీద రిఫరీలు చూపు పసుపు చీట్లును తగ్గినవి. అనగా గట్టుమీది జనము ఆటగానినే కాదు, న్యాయము చెప్పువానిని గూడ కదలించుచున్నదన్నమాట.

జనుల కేక ఎల్లప్పుడును అనుకూలముగా నుండవలసిన పని లేదు. 1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడల తుదిపోటీనాడు లక్షమంది ఇండొనేషియా ప్రేక్షకులు భారత జట్టునకు ప్రతికూలురై యఱచుచుండగా, హైదరాబాదువాడగు సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణ నిచ్చిన మనవారు దక్షిణ కొరియాను రెండు గోలులకు ఒకటిగా నోడించి స్వర్ణపతకమును తెచ్చిరి. ఆ విజయమును తెలుగువారెవ్వరును ఇంట తెరపై చూచి యుండలేదు. అయినను ఆ శిక్షకుడు ఎక్కడనుండి వచ్చెను? ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. ఆ యాటగాండ్రు పెరిగినది నగరపు మైదానములలో, వారిని పేరుపేరున ఎఱిగిన జనుల కన్నులయెదుట. తెర యొక్కటియు లేని కాలమున మనకు జట్టుండెను; ఇంటింట రెండు తెరలున్న కాలమున జట్టు ఢిల్లీకి పోయినది. ప్రేక్షకాభావమొక్కటియే దీనికి కారణమని మేమనము. ధనపు చిక్కులును గలవు. అయినను గట్టుమీద జనము గట్టిగా నిలిచిన ఊరినుండి జట్టును కదలించుట అంత తేలిక కాదని మాత్రము చెప్పగలము.

చూచువారే చేయువారిని పెంచుదురను సత్యము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. గుడివాడ చెంతనున్న రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు తెరకెక్కుటకు ముందు పల్లెల నాటకరంగములమీద స్త్రీవేషములు వేసి, లాంతరు వెలుగున కూర్చున్న జనుల మెప్పును, ఈసడింపును రెంటిని ఎదుర్కొని నటుడాయెను. చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల గొంతును గూడ ముందు విన్నది ఎదుట కూర్చున్న వారే. కూచిపూడి భాగవతులు ఊరి నడుమ దీపము వెలిగించి ఆడినప్పుడు, వీధిలో చాపలు పఱచుకొని కూర్చున్న వారు తాళము తప్పిన చోట తలపంకించుచు, అభినయము పండిన చోట ఆహా యనుచు, తరతరములుగా ఆ కళను కాపాడిరి. పూర్వులు బందరువారైన సి. కె. నాయుడు 1926 డిసెంబరున బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లాండునుండి వచ్చిన జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిన నాడు, ఆట సాగుచుండగనే వార్త ప్రాకి నగరవాసులు మైదానమునకు పరుగిడి వచ్చిరని చెప్పుకొందురు. పాలకుల జట్టును తన వాడొకడు చితుకగొట్టుట కన్నులార చూచిన జనమునకు అది ఆటగా మాత్రమే తోచియుండదు. ఆఱేండ్లకు, 1932లో, భారతదేశపు తొలి టెస్టు జట్టునకు ఆయనయే నాయకుడాయెను.

తెరకును మైదానమునకును గల యీ పోటీని ఇతర దేశములవారు ఎట్లు తీర్చుకొనిరో చూడదగును. ఫుట్‌బాలునకు పుట్టినిల్లగు ఇంగ్లాండులో, 1960 దశకమునుండి, శనివారము మధ్యాహ్నము రెండు ముప్పావు మొదలు సాయంకాలము ఐదుంబావు వఱకు ఏ ఫుట్‌బాలు పోటీని గాని ప్రత్యక్షముగా టెలివిజనునందు చూపరాదను నియమమును పాటించుచు వచ్చిరి. కారణమేమి? పెద్ద జట్ల ఆట ఇంట కనబడుచున్నచో, చిన్న పట్టణపు చిన్న జట్టు ఆడు మైదానమునకు ఆ సమయమున ఎవ్వరును పోరని వారి భయము. కోట్ల రూప్యముల నిచ్చి హక్కులను కొనువారుండియు, ఆ రెండున్నర గంటలను చిన్న మైదానముల కొఱకు విడిచిపెట్టిరి. అమెరికాలో వారి ఫుట్‌బాలు లీగువారు, స్టేడియమున టిక్కెట్లన్నియు అమ్ముడుపోనిచో ఆ పోటీని ఆ ప్రాంతపు తెరలపై చూపకుండు నియమమును చిరకాలము నడిపి, 2015లో దానిని నిలిపివేసిరి. ఈ రెండు నియమములలో మొదటిది మాకు న్యాయముగా తోచుచున్నది. రెండవది ఇంటివానిని శిక్షించి మైదానమునకు తఱుమును; మొదటిది చిన్న మైదానమునకు ఊపిరి తీసికొను వ్యవధి నిచ్చును.

మన దేశమున ఇట్టి ఆలోచన జరుగలేదు. 2014లో ప్రొ కబడ్డీయు, సూపర్ లీగును పుట్టినవి. రెండును ప్రధానముగ తెర కొఱకు పుట్టినవే. వాని వలన మేలు కలుగలేదనము. మన చెడుగుడు 1990లో బీజింగు ఆసియా క్రీడలలో చోటు సంపాదించుకొన్నను, బడి గంట కొట్టిన పిమ్మట ఆడు మట్టి ఆటగానే చాలమంది దానిని ఎంచుచుండిరి. తెరమీద వెలుగులలో, తెలుగు వ్యాఖ్యానముతో అది కనబడిన పిదప దానికి గౌరవము వచ్చినది. అయితే తెర సొమ్ముమీదనే నిలిచిన ఆట యెంత బలహీనమో 2025 జూలైలో తెలిసినది. సూపర్ లీగు వాణిజ్య హక్కుల ఒడంబడిక ఆ డిసెంబరుతో ముగియనున్నందున, తరువాతి పోటీలను నిలిపివేసిరి. కొన్ని జట్లు జీతముల చెల్లింపును ఆపినవి. క్రొత్తగా హక్కులను కొనుటకు టెండరు పిలువగా, గడువులోపల ఒక్కరును ముందునకు రాలేదు. తెరను నడుపువాడు లాభము లేదని లేచిపోయినచో ఆటయే ఆగిపోయినది. పదేండ్లు తెరముందు కూర్చున్న లక్షలాది ప్రేక్షకులు దానిని నిలుపలేకపోయిరి. ఏలయన చూచువానికిని ఆడువానికిని నడుమ నున్న తీగ వేఱొకని చేతిలో నున్నది. ఊరి మైదానమున ఆట నాపవలెనన్న ఊరివారే ఆపవలయును.

మైదానమునకు రమ్మని పిలుచువారు ఒక బాధ్యతను వహింపవలయును. వచ్చిన వాడు సుఖముగా చూచి, క్షేమముగా ఇల్లు చేరవలయును. 1980 ఆగస్టు 16వ తేదీన కలకత్తా ఈడెన్ తోటలలో ఈస్టు బెంగాలు, మోహన్ బగాన్ జట్ల పోటీనాడు 16 మంది ప్రేక్షకులు మరణించిరి. 2025 జూను 4వ తేదీన బెంగుళూరు చిన్నస్వామి స్టేడియమువద్ద విజయోత్సవమునకు వచ్చిన జనులలో త్రొక్కిసలాట జరిగి 11 మంది ప్రాణములు కోల్పోయిరి. అదే సంవత్సరము మెస్సీ హైదరాబాదునకు వచ్చిన నాటి ఉదయమే, కలకత్తా సాల్టులేకు స్టేడియమున ప్రముఖులు ఆయనను చుట్టుముట్టుటచే, అధిక ధనమిచ్చి వచ్చిన జనులకు ఆయన కనబడక, ఆగ్రహించి కుర్చీలు విఱిచిరి. జనుని టిక్కెట్టు సొమ్ముగా మాత్రము చూచి, మనుష్యునిగా చూడని యేర్పాట్లకు ఫలమిది. ఇట్టి వార్తలు విన్న గృహస్థు తన బిడ్డను ఇంటనే కూర్చుండబెట్టినచో ఆయనను తప్పుపట్టగలమా? నీడయు, నీరును, మరుగుదొడ్లును, వెలుపలికి పోవు వెడల్పైన దారులును లేని స్టేడియములను కట్టి, జనులు రాలేదని వగచుట వ్యర్థము. స్త్రీల విషయమున ఈ మాట మఱింత నిజము. మైదానపు గట్టు మగవారి సొత్తుగా నున్నంతకాలము, సగము ఊరు ఇంటి తెరకే అంకితమగును.

మేము చెప్పదలచిన దిది. దూరపు ఆటకు ఇల్లు, దగ్గఱి ఆటకు మైదానము: ఇది మనకు ధర్మముగా నుండవలయును. ఖతారునందో లండనునందో జరుగు పోటీని ఇంట చూచుటలో లోపమేమియు లేదు. లోపమెక్కడనన్న, ఆ సాయంకాలమే మన వీధి చివర మన పిల్లలు ఆడు పోటీయొద్ద నలువదిమందియు లేకుండుటయందున్నది. ప్రపంచపు మేటి ఆటగాండ్రను చూచి చూచి, ఊరి పిల్లవాని తడబాటును చూచుటకు ఓపిక నశించినచో, రేపు మేటివాడు మన ఊరనుండి ఎట్లు పుట్టును?

దీనికై గొప్ప ధనము అవసరము లేదు; క్రమము అవసరము. మన డెల్టా సంవత్సరమున ఆటకొక ఋతువు సహజముగనే గలదు. వర్షకాలమున నాట్లు, కార్తీకమున తుపానుల భయము, మార్గశిరమున కోతలు. సంక్రాంతి దాటిన పిమ్మట, మినుము పెసర చేలలో నుండగా, ఎండలు ముదురువఱకు రెండు నెలల చల్లని సాయంకాలములు మిగులును. గుడివాడ ఎన్. టి. ఆర్. స్టేడియమును, బందరు కళాశాలల మైదానములును, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పాఠశాలల ఆటస్థలములును ఆ రెండు మాసములు వారమునకొక నిర్ణీత దినమున పోటీలతో నిండియుండవచ్చును. కబడ్డీ, వాలీబాలు, ఫుట్‌బాలు ఏదైనను సరే. బాలికల జట్ల ఆట ముందు, బాలుర ఆట పిమ్మట నుండుగాక. పెద్ద పోటీ తెరపై వచ్చు దినమును విడిచి వేఱు దినము నేర్పరచుకొనుట మన చేతిలోని పని. ఇంగ్లాండువారి నియమమును మనము శాసనము లేకయే పాటింపవచ్చును. గుడివాడ బందరుల నడుమ రైలున్నది. ఆట ముగియు వేళను ఆ బండి వేళతో పొసగించినచో ఒక ఊరి జనము రెండవ ఊరికి పోయి చూతురు. దివిసీమకు రైలు లేదు గనుక, ఆడు దినములలో చివరి బస్సును అరగంట ఆపుట రవాణా సంస్థవారికి భారము కాదు. గట్టున నాలుగు చెట్లు, రెండు కుళాయిలు, స్త్రీలకు వేఱుగ మరుగుదొడ్డి, చీకటి పడినచో దీపములు: ఇంతమాత్రము పురపాలక సంఘములును పంచాయతీలును చేయగలవు. సెల్‌ఫోను చేతనున్న యువకులు ఈ ఊరి పోటీలనే చిత్రించి ఇంటనున్న వృద్ధులకు చూపినచో తెరయు మైదానమునకు సేవకురాలగును.

1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినవారు, పరుల చదువును చూచి మెచ్చుకొనుటతో జాతి బ్రతుకదనియు, తన బిడ్డలకు తానే చదువు చెప్పుకొనవలయుననియు తలచిరి. వారికి నాడు ధనబలము లేదు. ఊరి చేయూత యున్నది. ఆటల విషయమున నేడు మనకు కావలసినదియు నదియే. పరదేశపు ఆటను మెచ్చుకొను కన్నులు మనకు కొఱత లేదు. వారమునకొక సాయంకాలము మన పిల్లల ఆటయొద్ద నిలుచు కాళ్ళు కావలయును. ఈ సంక్రాంతి తరువాతి సాయంకాలముల నెట్లు గడపవలయునో మన ప్రాంతపు పురపాలక సంఘములును, విద్యాలయాధికారులును, యువజనులును ఇప్పుడే యోచింతురుగాక.